హెక్స్ కోడ్ ఒకటే, రంగులు నాలుగు: బ్రాండ్ రంగును స్క్రీను మీదా కాగితం మీదా ఒకేలా నిలబెట్టడం

మీరు చెప్పిన పరిస్థితి ఇది. లోగోలో నీలం #003399. వెబ్‌సైటులో, ఫోన్‌లో నిండుగా కనిపిస్తోంది. అదే కోడ్ ప్రింటింగ్‌కి ఇచ్చారు. విజిటింగ్ కార్డు మీద నీలం కాస్తా వంకాయ రంగుకు తిరిగింది. లెటర్‌హెడ్ మీద వెలిసిపోయినట్టు వచ్చింది. ఫ్లెక్స్ బ్యానర్ మీద మసిబారినట్టు ముదురుగా పడింది. “కోడ్ ఒకటే ఇచ్చాం కదా, మూడు చోట్లా మూడు రకాలుగా ఎందుకొచ్చింది? తప్పు డిజైనర్‌దా, ప్రెస్సుదా?” అని అడిగారు.

నేను 18 ఏళ్లుగా ఈ పనిలోనే ఉన్నాను. మొదట ప్రెస్సులో ఫైళ్లు సరిచూసి ప్లేట్లకు పంపే వైపు, తర్వాత డిజైన్ వైపు. రెండు వైపులా కూర్చున్నాను కాబట్టి చెబుతున్నాను, మీ విషయంలో ఎవరూ నిర్లక్ష్యం చేసి ఉండకపోవచ్చు. మీ అసలు రంగు ఏదో ఇంతవరకు ఎవరూ తేల్చలేదు. గొడవంతా అక్కడే మొదలైంది. సమాధానం కాస్త పెద్దదే అవుతుంది. సగం తెలుసుకుని మళ్లీ ప్రింటుకు వెళితే డబ్బు రెండోసారి పోతుంది, అందుకని ఓపిగ్గా చదవండి.

ముందు ఆ కోడ్ సంగతి. #003399 అంటే స్క్రీనుకు ఇచ్చే ఆదేశం. ఎరుపు వెలుగు 0, ఆకుపచ్చ వెలుగు 255కి 51, నీలం వెలుగు 255కి 153 అని దాని అర్థం. ఆ మూడు వెలుగులు అసలు ఎలాంటివో, వాటి తెలుపు ఎంత తెల్లగా ఉంటుందో ఆ కోడ్‌లో లేదు. అది ఎస్‌ఆర్‌జీబీ అనే ప్రమాణంలో ఉంది. 1996లో హ్యూలెట్ ప్యాకార్డ్, మైక్రోసాఫ్ట్ కలిసి దాన్ని ప్రతిపాదించాయి, 1999లో అంతర్జాతీయ ప్రమాణమైంది. వెబ్‌లో రంగు కోడ్ రాసినప్పుడు బ్రౌజర్ దాన్ని ఎస్‌ఆర్‌జీబీగానే తీసుకుంటుంది. కాబట్టి ఆ కోడ్‌కు అర్థం స్క్రీను లోకంలోనే. ఇంకుకు, కాగితానికి అది ఏమీ చెప్పదు.

అయినా ప్రెస్సువాళ్లు ఏదో ఒకటి చేయాలి కదా. ఎవరికి తోచినట్టు వాళ్లు మారుస్తారు. మీ విషయంలో ఎలా జరిగి ఉంటుందో అంకెలతో చూపిస్తాను. ఇంటర్నెట్‌లో దొరికే చాలా కన్వర్టర్లలో #003399 వేస్తే ప్రింటింగ్‌లో వాడే నాలుగు ఇంకుల శాతాలు వస్తాయి: సయాన్ (లేత నీలం) 100, మాజెంటా (ముదురు గులాబీ) 67, పసుపు 0, నలుపు 40. ఇది ఉత్త తీసివేతలూ భాగహారాలే. అన్నిటికంటే ఎక్కువున్న వెలుగు 153. దాన్ని 255తో భాగించి ఒకటిలోంచి తీసేస్తే 0.40, అదే నలుపు. 153లోంచి 51 తీసేసి 153తో భాగిస్తే 0.67, అదే మాజెంటా. ఈ లెక్కలో ఇంకు ఎలాంటిదో లేదు, కాగితం ఏదో లేదు, యంత్రం ఏదో లేదు. ఆ అంకెలు అలాగే వేస్తే నలుపు 40 శాతం కలిసి నీలం మసిబారుతుంది. మీ ఫ్లెక్స్ అలా వచ్చింది బహుశా ఇందుకే.

విజిటింగ్ కార్డు విషయంలో ఇంకో దారి పట్టి ఉంటారు. ఫైలును డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో పెట్టి ఆ నాలుగు ఇంకుల పాళ్లకు, అంటే సీఎంవైకేకి, మార్చారు. సాఫ్ట్‌వేర్ ప్రొఫైల్ (ఏ పాళ్లకు ఏ రంగు వస్తుందో కొలిచి రాసిన పట్టిక) చూసి మారుస్తుంది కాబట్టి నలుపు నామమాత్రంగా ఉంచి, సయాన్ 100, మాజెంటా 90 చుట్టుపక్కల ఇస్తుంది. కన్వర్టర్ లెక్క కంటే ఇది చాలా మెరుగు. కానీ నీలం రంగుల్లో ఒక చిక్కుంది. సయాన్‌కు దగ్గరగా మాజెంటా వచ్చేసిందంటే నీలం వంకాయ రంగుకు జరుగుతుంది. యంత్రం మీద మాజెంటా ఆ రోజు ఒక పిసరు ఎక్కువ పడినా చాలు, తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అందుకే ప్రీప్రెస్‌లో, అంటే ప్రింటుకు ముందు ఫైళ్లు సిద్ధం చేసే పనిలో, పాతకాపులు ఒక మాట చెబుతారు: నీలం నీలంగా ఉండాలంటే సయాన్‌కీ మాజెంటాకీ మధ్య కనీసం 30 శాతం ఎడం ఉండాలి. నా అనుభవంలో ఆ మాట వమ్ము కాలేదు.

ఇంకా లోతైన కారణం ఒకటుంది, అది మీరు మనసుకు పట్టించుకోవాలి. కంటికి కనిపించే రంగును అంకెల్లో చెప్పడానికి సీఐఈ అనే అంతర్జాతీయ సంఘం 1976లో ల్యాబ్ అనే పద్ధతి ఇచ్చింది. అందులో ఎల్ అంటే ఎంత లేతో ఎంత ముదురో, ఏ అంటే ఆకుపచ్చ నుంచి ఎరుపు వైపు, బీ అంటే నీలం నుంచి పసుపు వైపు. నీలం ఎంత గాఢమైతే బీ అంత కిందికి, సున్నా కంటే దిగువకు వెళుతుంది. మీ #003399 బీ విలువ సుమారు −60. మంచి ఆర్ట్ పేపర్ మీద ఆఫ్‌సెట్‌లో (ప్లేట్లతో వేసే ప్రింటింగ్‌లో) సయాన్, మాజెంటా రెండూ 100 శాతం వేసినా బీ −46 చుట్టుపక్కలే ఆగిపోతుంది. మీ వెబ్‌సైటులో ఉన్న నీలం నాలుగు ఇంకులకు అందదు. ఎంత మంచి ప్రెస్సైనా, ఎంత ఖర్చు పెట్టినా అందదు. చిలకపచ్చలు, నిండు నారింజలు, మెరిసే గులాబీలు కూడా ఇదే కోవలోకి వస్తాయి.

కాబట్టి “స్క్రీను మీద ఉన్నట్టే ప్రింటులో రావాలి” అని కోరుకోవడం మానేసి, “రెండు చోట్లా చూసినవాళ్లు ఇది ఆ కంపెనీ రంగే అని వెంటనే గుర్తుపట్టాలి” అనే దగ్గర నిలబడండి. ఇది రాజీపడి చెబుతున్న మాట కాదు. పక్కపక్కన పెట్టి కొలిస్తే తేడా ఉన్నా, విడివిడిగా చూసినప్పుడు కన్ను ఒకే రంగుగా ఒప్పుకోవాలి. బ్రాండ్ రంగు పని అదే.

ఇక అసలు పని. ముందు రంగును తేల్చాలి. తేల్చడమంటే చేత్తో పట్టుకునే ఒక నమూనాను ఎంచుకుని, దాని ల్యాబ్ విలువ కొలిపించి, “మా రంగు ఇదే” అని రాసిపెట్టుకోవడం. హెక్స్ కోడ్, సీఎంవైకే అంకెలు, పాంటోన్ (ఇంకు రంగులకు నంబర్లిచ్చే ఒక పద్ధతి) నంబరు అన్నీ ఆ నమూనాను ఒక్కోచోట అందుకోవడానికి వాడే దారులు మాత్రమే. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. స్క్రీను మీద రంగు ఎంచుకుని, దానికి కాగితం మీద జత వెతుక్కుంటూ ఏళ్ల తరబడి తిరుగుతారు. నా సలహా ఎప్పుడూ ఒకటే. ఇబ్బంది పెట్టే మాధ్యమం దగ్గర మొదలుపెట్టి, తేలిగ్గా లొంగే దాని వైపు రండి. కాగితం మీద వచ్చే రంగులు చాలావరకు స్క్రీను చూపించగలదు, స్క్రీను రంగుల్లో చాలా కాగితానికి అందవు.

ఇది నేను పుస్తకాల్లో చదివి నేర్చుకున్నది కాదు. మొదట్లో ఒక సంస్థకు బ్రోచర్ చేశాం. రంగు ల్యాప్‌టాప్‌లో చూపించి ఒప్పించాం. ప్రింటయ్యాక ఆఫీసులో బల్ల మీద పెడితే ముగ్గురు మూడు మాటలన్నారు. ఒకరికి ముదురుగా ఉందట, ఒకరికి పచ్చగా ఉందట, ఒకరికి సరిగ్గా ఉందట. మాట్లాడుతూ ఉంటే తేలిందేమిటంటే, ముగ్గురూ ముగ్గురి ఫోన్లలో చూసిన రంగును మనసులో పెట్టుకున్నారు. మళ్లీ ప్రింటు వేయించాం. ఈసారి ముందుగానే పాంటోన్ గైడ్ అనే రంగు నమూనాల పుస్తకంలోంచి దగ్గరి రంగులు నాలుగు తీసి, కిటికీ పక్కన, మధ్యాహ్నం నీడ వెలుగులో, తెల్ల కాగితం మీద పెట్టాం. అంతకుముందు గంటసేపు తెగని చర్చ ఐదు నిమిషాల్లో తేలిపోయింది. చేతిలో పట్టుకుని చూసే నమూనా ఉంటే ఎవరి కళ్లకు వాళ్లే సాక్షి.

పాంటోన్ గురించి. 1963లో మొదలైన ఈ పద్ధతిలో ప్రతి రంగుకూ ఇంకు కలిపే పాళ్లు నిర్ణయించి ఉంటాయి. నాలుగు రంగుల చుక్కలతో కంటిని ఒప్పించే బదులు, మీ రంగు ఇంకే కలిపి డబ్బాలోంచి నేరుగా వేస్తారు. దాన్నే స్పాట్ కలర్ అంటాం. నాలుగు ఇంకులకు అందని గాఢత దీంతో చాలావరకు అందుతుంది, ప్రతి షీటు మీదా ఒకేలా పడుతుంది, మాజెంటా ఎగుడుదిగుళ్లతో పని లేదు. మీ నీలానికి దగ్గర్లో 286 ఉంది, చూడండి. రిఫ్లెక్స్ బ్లూ కూడా ఆకర్షిస్తుంది గానీ ఒక హెచ్చరిక: ఆ ఇంకు ఆరడానికి ఎక్కువ సమయం తీసుకుంటుంది, గీతలు పడుతుంది, చేతికి అంటుతుంది. తొందర పనులకు అది మంచిది కాదు.

నంబరు చివర ఉండే సీ, యూ అక్షరాలను మాత్రం తేలిగ్గా తీసుకోకండి. 286 సీ, 286 యూ రెండింటిలోనూ ఇంకు ఒకటే. సీ అంటే నున్నటి కోటింగ్ ఉన్న కాగితం మీద వేసినది, యూ అంటే కోటింగ్ లేని కాగితం మీద వేసినది. కోటింగ్ లేని కాగితం ఇంకును పీల్చేసుకుంటుంది, రంగు లోపలికి ఇంకిపోయి పైకి వెలవెలబోతుంది. మీ లెటర్‌హెడ్ కోటింగ్ లేని మ్యాప్‌లితో కాగితం మీద వేశారు కాబట్టి అది వెలిసినట్టు రావడంలో వింతేమీ లేదు. దీనికి మందు ఏమిటంటే, లెటర్‌హెడ్‌కు అదే నంబరు పట్టుకుని వేలాడకుండా, యూ గైడ్ తెరిచి మీ అసలు నమూనాకు కంటికి దగ్గరగా కనిపించే వేరే నంబరు ఎంచుకోండి. రెండు నంబర్లు రాసిపెట్టుకోవడంలో తప్పేమీ లేదు. ఆ గైడ్‌లు కూడా కాలంతో పాతబడతాయి. కాగితం పసుపెక్కుతుంది, ఇంకు వెలుస్తుంది. 12 నుంచి 18 నెలలకోసారి కొత్తది తీసుకోమని పాంటోనే చెబుతుంది. అంత తరచుగా కొనలేకపోతే కనీసం ఎండ తగలకుండా దాచండి, మీ దగ్గరున్న గైడూ ప్రెస్సులో ఉన్న గైడూ పక్కపక్కన పెట్టి ఒకసారి పోల్చండి.

ఇంకో విషయం. 2022 చివర్లో అడోబీ సాఫ్ట్‌వేర్‌లలోంచి పాంటోన్ లైబ్రరీలు చాలావరకు తీసేశారు. పాత ఫైళ్లు తెరిచినవాళ్లలో కొందరికి ఆ రంగుల చోట నలుపు కనిపించి గుండె జారినంత పనైంది. మీ రంగు ల్యాబ్ విలువ మీ దగ్గర రాసి ఉంటే ఇలాంటివి వచ్చినా ఇబ్బంది లేదు. లైబ్రరీ ఎవరిదైనా కావచ్చు, కొలత మాత్రం మీదే.

స్పాట్ కలర్ ప్రతిచోటా వేయలేరు. ఒక్కో ఇంకుకు ఒక్కో ప్లేటు కావాలి, ఫొటోలున్న బ్రోచర్‌కు ఐదో ప్లేటు అంటే ఖర్చు, చిన్న డిజిటల్ ప్రింట్లలో ఆ అవకాశమే ఉండకపోవచ్చు. అప్పుడు నాలుగు రంగుల పాళ్లు కావాలి. ఇక్కడ సాఫ్ట్‌వేర్ ఇచ్చిన అంకెలనే అలా ఉంచేయకండి. ప్రొఫైల్‌తో మార్చిన అంకెలను మొదటి మెట్టుగా తీసుకుని, చేత్తో సవరించండి. మీ నీలానికి నేనైతే సయాన్ 100, మాజెంటా 70, పసుపు 0, నలుపు 5 దగ్గర మొదలుపెట్టి, చుట్టూ మాజెంటా 65, 75, 80, నలుపు 0, 10 కలిపి ఒక గళ్ల పట్టీ తయారుచేస్తాను. ఒక్కో గడి రెండు సెంటీమీటర్లు, కింద పాళ్లు చిన్న అక్షరాల్లో. ఆ పట్టీని వేరే ఏదో పని ప్రింటయ్యేటప్పుడు షీటు అంచున మిగిలిన చోట వేయించమని అడగండి. అసలు కాగితం, అసలు యంత్రం, అసలు ఇంకు మీద మీ రంగు ఎలా వస్తుందో అరచేతిలో పెట్టుకుని చూడొచ్చు. రంగుకు పెట్టే ఖర్చులో ఇంతకంటే లాభసాటిది నాకు తెలియదు. పాళ్లు మూడు ఇంకులు దాటకుండా చూడండి. రంగు ఎన్ని ఇంకుల మీద ఆధారపడితే అన్ని వైపుల నుంచి జారుతుంది.

ప్రొఫైల్ అన్నాను కదా, దాని గురించి రెండు మాటలు. ఫలానా యంత్రం, ఫలానా కాగితం మీద ఈ పాళ్లు వేస్తే కంటికి ఈ రంగు కనిపిస్తుంది అని కొలిచి రాసిన పట్టికే ఐసీసీ ప్రొఫైల్. 1993లో ఎనిమిది కంపెనీలు కలిసి ఐసీసీ అనే సంస్థ పెట్టి ఈ పద్ధతిని అందరికీ ఒకటిగా చేశాయి. ప్రెస్సును అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే: “మీరు ఏ ప్రొఫైల్‌కు పనిచేస్తారు?” ఫోగ్రా 39 అనో, ఫోగ్రా 51 అనో (ఇవి ఆఫ్‌సెట్‌కు వాడే ప్రామాణిక ప్రొఫైళ్ల పేర్లు), సొంతంగా కొలిపించుకున్నది అనో చెబితే ఆ ప్రెస్సుతో మాట్లాడొచ్చు. “ఏదైనా పంపండి, మేం చూసుకుంటాం” అంటే కాస్త ఆలోచించండి. సాఫ్ట్‌వేర్‌లో ప్రొఫైల్ మార్చేటప్పుడు రెండు ఆప్షన్లు కనిపిస్తాయి, వాటిని కలగాపులగం చేయొద్దు. అసైన్ అంటే అంకెలు అలాగే ఉంచి అర్థం మార్చడం, రంగు మారిపోతుంది. కన్వర్ట్ అంటే రంగు వీలైనంత నిలబెట్టి అంకెలు మార్చడం. తెలియక అసైన్ నొక్కి పాడైన ఫైళ్లు నేను చాలా సరిచేశాను.

ఇప్పుడు వెలుగు. ఈ ఒక్క విషయం పట్టించుకోకపోవడం వల్ల వచ్చిన తగాదాలు నేను చూసినన్ని మరే కారణం వల్లా చూడలేదు. ఒకసారి నేను యంత్రం దగ్గర నిలబడి షీటు చూసి సంతకం పెట్టాను. ప్రూఫుతో, అంటే ముందుగా తీసిన నమూనా ప్రింటుతో, బాగా కలిసింది. అదే షీటు తీసుకుని మెట్లెక్కి ఆఫీసు గదిలోకి వెళ్లి బల్ల మీద పెడితే, బూడిద రంగు పట్టీ ఆకుపచ్చగా కొట్టింది. ప్రూఫు మాత్రం మారలేదు. షీటు అదే, కళ్లు అవే, పైన దీపం మారింది. రెండు వేర్వేరు ఇంకులతో చేసిన రంగులు ఒక దీపం కింద కలుస్తాయి, ఇంకో దీపం కింద విడిపోతాయి. దీన్ని మెటామెరిజం అంటారు. అందుకే ఐఎస్ఓ 3664 అనే ప్రమాణం, రంగు పోల్చేటప్పుడు డీ50 అనే ప్రామాణిక పగటి వెలుగు, సుమారు 2000 లక్స్ ప్రకాశం ఉండాలని చెబుతుంది. అలాంటి దీపాల పెట్టె మీ దగ్గర లేకపోతే నేరుగా ఎండ పడని కిటికీ పక్కన, పగటి వెలుగులో చూడండి. చుట్టూ రంగురంగుల గోడలు, బట్టలు లేకుండా బూడిద రంగు అట్ట మీద పెట్టండి. ఎరుపు పక్కన పెట్టిన నీలం ఒకలా, పసుపు పక్కన పెట్టింది ఇంకోలా కనిపించడం కంటి స్వభావం.

ఫోన్‌తో ఫొటో తీసి “రంగు తప్పొచ్చింది చూడండి” అని వాట్సాప్‌లో పంపడం దయచేసి మానుకోండి. ఫోన్ కెమెరా తెలుపును తనకు నచ్చినట్టు సర్దుకుంటుంది, అవతలివాళ్ల స్క్రీను ఇంకోలా చూపిస్తుంది. ఆ ఫొటో చూసి ఇంకు తగ్గించిన ప్రెస్సు మొత్తం లాటును పాడుచేసుకుంటుంది. షీటు ముక్క కొరియర్ చేయండి.

కాగితం కూడా రంగులో ఒక భాగమే. నాలుగు రంగుల ఇంకు పారదర్శకం, కింది కాగితం తెలుపు పైకి కనిపిస్తుంది. చాలా కాగితాల్లో తెల్లగా కనిపించడానికి ఒక రసాయనం కలుపుతారు. అది కంటికి కనిపించని అతినీలలోహిత కిరణాలను పట్టి నీలంగా తిరిగి ఇస్తుంది. అలాంటి కాగితం పగటి వెలుగులో నీలితెలుపుగా, కొన్ని ఎల్‌ఈడీ దీపాల కింద మామూలుగా ఉంటుంది. లేత రంగులకు దీని ప్రభావం ఎక్కువ. ల్యామినేషన్ విషయం కూడా ముందే తేల్చుకోండి. గ్లాసీ (మెరిసే) ల్యామినేషన్ రంగును కాస్త లోతుగా చూపిస్తుంది, మ్యాట్ ల్యామినేషన్ ముదురు రంగుల మీద పొగమంచు పరిచినట్టు చేస్తుంది. ల్యామినేషన్ ఉన్న పనికి రంగు ఒప్పుకునేటప్పుడు ల్యామినేషన్ వేసిన షీటే చూడాలి. తడి షీటు మెరుస్తూ గాఢంగా ఉంటుంది, ఆరాక కొంచెం తగ్గుతుంది, అదీ గుర్తుంచుకోండి.

స్క్రీను వైపు పని తక్కువ, కానీ దాన్నీ సరిగ్గా చేయాలి. డిజైన్ చేసే మానిటర్‌ను కొలత పరికరంతో సరిచేయించండి. తెలుపు డీ65 (పగటి వెలుగు తెలుపుకు ఇంకో ప్రమాణం), వెలుగు చదరపు మీటరుకు 100 నుంచి 120 క్యాండెలాలు చాలు. డబ్బాలోంచి తీసిన మానిటర్ సాధారణంగా ఇంతకంటే చాలా ప్రకాశంగా, నీలంగా ఉంటుంది. అందుకే స్క్రీను చూశాక ఏ ప్రింటైనా మసకగా అనిపిస్తుంది. రాత్రిపూట స్క్రీనును పసుపుగా మార్చే మోడ్‌లు రంగు పని చేసేటప్పుడు ఆపేయండి. మీ జనాల ఫోన్లు మీ చేతిలో లేవు, దాని గురించి దిగులు పడొద్దు. మీ చేతిలో ఉన్నది ఫైలే. వెబ్‌కు వెళ్లే ప్రతి బొమ్మనూ ఎస్‌ఆర్‌జీబీకి కన్వర్ట్ చేసి, ప్రొఫైల్ ఫైలులో ఉండేలా సేవ్ చేయండి.

దీనికి ఒక చిన్న పరీక్ష ఉంది. పేజీ వెనుక నేపథ్యానికి కోడ్‌తో #003399 ఇచ్చి, దాని మీద అదే రంగు నేపథ్యమున్న లోగో బొమ్మను పెట్టండి. అంచులు కలిసిపోయి లోగో ఒక్కటే కనిపించాలి. బొమ్మ చుట్టూ చతురస్రం లీలగా తెలుస్తోందంటే ఆ ఫైలు వేరే ప్రొఫైల్‌తో సేవ్ అయింది. ఎక్కువ రంగులు చూపించే కొత్త స్క్రీన్ల మీద ఈ తేడా మరీ స్పష్టంగా బయటపడుతుంది. లోగోకు ఎస్‌వీజీ (బొమ్మను గీతలుగా, రంగు కోడ్‌లుగా రాసిపెట్టే ఫైలు రకం) వాడితే ఈ ఇబ్బంది చాలావరకు ఉండదు. స్క్రీను మీద అక్షరాలకు మీ రంగు వాడుతున్నప్పుడు నేపథ్యంతో కాంట్రాస్ట్ 4.5కి 1 తగ్గకుండా చూసుకోండి, చూపు మందగించినవాళ్లూ చదవగలగాలి. మీ నీలం తెలుపు మీద ఈ పరీక్షలో హాయిగా గట్టెక్కుతుంది.

ఒక నిర్ణయం మీరే తీసుకోవాలి. కాగితం నమూనా తేల్చాక వెబ్ కోడ్‌ను దానికి తగ్గట్టు మార్చాలా, పాత #003399నే ఉంచాలా? రోజూ స్క్రీను మీద మాత్రమే కనిపించే బ్రాండైతే పాత గాఢత ఉంచండి, స్క్రీను ఇవ్వగలిగింది ఎందుకు వదులుకోవాలి? ప్యాకింగ్ డబ్బా మీద, వెబ్‌సైటులో పక్కపక్కనే కనిపించే వస్తువైతే స్క్రీను రంగును ఒక మెట్టు తగ్గించి కాగితం దగ్గరకు తీసుకురావడమే మంచిది. కొనేవాళ్లు బొమ్మలో చూసిన డబ్బా, చేతికొచ్చిన డబ్బా వేరుగా ఉంటే అనుమానపడతారు.

ప్రెస్సుకు ఫైలు ఇచ్చేటప్పుడు పీడీఎఫ్ ఎక్స్-4 (ప్రింటింగ్ కోసమే ఉన్న పీడీఎఫ్ రకం) రూపంలో ఇవ్వండి, ఏ ప్రొఫైల్ కోసమో అందులోనే ఉంటుంది. స్పాట్ కలర్ పేరు అన్ని ఫైళ్లలో అక్షరం తేడా లేకుండా ఒకటే ఉండాలి. ఒకచోట 286 సీ, ఒకచోట 286 యూ అని ఉంటే రెండు వేర్వేరు ప్లేట్లు తయారవుతాయి, ఎవరూ చూసుకోకపోతే అవి రెండూ ప్రింటవుతాయి. చిన్న అక్షరాలు నలుపు ఒక్కదానితోనే ఉండాలి, నాలుగు ఇంకులతో చేసిన నలుపు అక్షరాల అంచులు రెండుగా కనిపిస్తాయి. లేత షేడ్లు వాడాలంటే 10 శాతం కంటే కిందికి వెళ్లకండి, అక్కడ చుక్కలు నిలకడగా పడవు.

ఇక “ఎంత తేడా వరకు ఒప్పుకోవాలి?” అనేది. రెండు రంగుల మధ్య దూరాన్ని డెల్టా ఈ అంటారు. 1 దగ్గర అలవాటున్న కన్ను మాత్రమే పక్కపక్కన పెట్టి పసిగడుతుంది. ఆఫ్‌సెట్ ప్రమాణం ఐఎస్ఓ 12647-2లో ప్రాథమిక ఇంకుల నిండు రంగులకే 5 వరకు వెసులుబాటు ఉంది. కాబట్టి ప్రెస్సును 1 లోపు తెమ్మని పట్టుబట్టడం అన్యాయం. స్పాట్ కలర్‌కు సీఐఈడీఈ2000 (డెల్టా ఈని లెక్కించే కొత్త సూత్రం) లెక్కలో 2, నాలుగు రంగుల పనికి 3 అని నేను రాయిస్తాను. ఏ లెక్కో తప్పకుండా రాయాలి. 1976 నాటి పాత లెక్క గాఢమైన రంగుల్లో తేడాను ఉన్నదానికంటే పెద్దదిగా చూపిస్తుంది, రెండు లెక్కలు కలిపి మాట్లాడుకుంటే తగాదా తప్పదు. కొలిచే పరికరం మీ దగ్గర ఉండనక్కర్లేదు, మంచి ప్రెస్సుల్లో ఉంటుంది, కొలిచి రిపోర్టు ఇమ్మంటే ఇస్తారు.

ఫ్లెక్స్, వైనిల్, బట్ట, గోడ రంగు, ఇవన్నీ వేరే లోకాలు. ఫ్లెక్స్‌కు హెక్స్ కోడ్ గానీ ఆఫ్‌సెట్ పాళ్లు గానీ పంపకండి. నమూనా చేతికిచ్చి, దానికి కలిసేలా అదే మెటీరియల్ మీద ఒక అడుగు పొడవు ముక్క వేసి చూపించమనండి. కత్తిరించి అంటించే వైనిల్‌కు ప్రింటు ఉండదు, తయారీదారు రంగుల కార్డులోంచి దగ్గరిది ఎంచుకోవడమే. బట్టకు పాంటోన్ నూలు గుడ్డ నమూనాలు వేరుగా ఉంటాయి, లోహం మీద పూసే రంగులకు 1927 నుంచి ఉన్న రాల్ అనే రంగుల జాబితా నంబర్లు పనికొస్తాయి.

చౌకగా దొరికే విజిటింగ్ కార్డుల్లో పది మంది పనులు ఒకే ప్లేటు మీద కలిపి వేస్తారు. పక్కవాళ్ల ఫొటోలో ముఖం ఎర్రబడకుండా మాజెంటా సర్దితే ఆ సర్దుబాటు మీ నీలం మీదా పడుతుంది. అక్కడ రంగు గురించి పట్టుబట్టే వీలే లేదు. రంగు ముఖ్యమనుకున్న పనిని అలా వేయించకండి, అంతే.

ఇవన్నీ తేలాక ఒక పేజీ కాగితం తయారుచేయండి. అసలు నమూనా ముక్క అంటించి, పక్కన ల్యాబ్ విలువ, కోటింగ్ ఉన్న కాగితానికి పాంటోన్ నంబరు, లేని కాగితానికి నంబరు, ఏ ప్రొఫైల్‌కు ఏ పాళ్లో, స్క్రీను కోడ్, ఒప్పుకునే డెల్టా ఈ, తేదీ. ప్రొఫైల్ పేరు లేకుండా సీఎంవైకే పాళ్లు మాత్రం రాయొద్దు. నమూనాలు ఒకే లాటులోవి పది తీసి, నల్ల కవర్లలో పెట్టి, ఒకటి మీ దగ్గర, ఒకటి ప్రెస్సులో, ఒకటి డిజైనర్ దగ్గర ఉంచండి. మిగతావి తెరవకండి.

మీ ముందున్న పనికి వరస ఇలా పెట్టుకోండి. ఈసారి లెటర్‌హెడ్, కార్డులు రెండూ స్పాట్ కలర్‌లో వేయించండి, రెండింటిలోనూ ఫొటోలు లేవు కాబట్టి ప్లేట్లు తగ్గుతాయే గానీ పెరగవు. ప్రెస్సుకు వెళ్లి వాళ్ల గైడ్ తెరిపించి, పగటి వెలుగులో 286తో పాటు దాని చుట్టుపక్కల రంగులు చూసి ఒకటి తేల్చండి. లెటర్‌హెడ్ కోసం యూ గైడ్‌లో దానికి జత వెతకండి. మెషిన్ ఎక్కేరోజు మీరు అక్కడ ఉండండి. మొదటి వంద షీట్లు నిలకడకు రావడానికే పోతాయి, ఆ తర్వాత వచ్చిన దాన్ని నమూనా పక్కన పెట్టి చూసి, సరిపోతే సంతకం చేసి ఆపరేటర్‌కు ఇవ్వండి. ఆయన మిగతా లాటంతా ఆ షీటుతోనే పోల్చుకుంటారు. సంతకం ఉన్న ఇంకో షీటు మీరు తెచ్చుకోండి. ఫ్లెక్స్ వేసేవాళ్లకు చూపించాల్సింది అదే.